వంకర చేపపిల్లల్ని లెక్కపెట్టేదెవరు?

వరి విత్తనాల సంచికి చిన్న చీటీ ఒకటి ఉంటుంది. మొలక శాతం ఇంత, స్వచ్ఛత ఇంత, పరీక్ష చేసిన తేదీ ఇది, లాట్ నంబర్ ఇది. సర్టిఫైడ్ వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలన్నది రూలు. పత్తి ప్యాకెట్ మీదా, మిర్చి ప్యాకెట్ మీదా ఇలాంటి వివరాలే ఉంటాయి. నకిలీ విత్తనాల దెబ్బ తిన్న వరంగల్ జిల్లా రైతుకు ఆ చీటీ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. మొలక రాకపోతే ఆ చీటీ పట్టుకునే వ్యవసాయ ఆఫీసుకు వెళ్తాడు. షాపు ముందు నిలబడి అడుగుతాడు.

ఇప్పుడు చేపపిల్లల బిల్లు చూడండి. రకం పేరు, సైజు, ఎన్ని వేలు, పిల్లకు ఎంత, మొత్తం ఎంత. నేను చూసిన బిల్లుల్లో ఇంతే ఉంది. ఆ పిల్లల్లో ఎన్నింటికి నడుం వంగింది, ఎన్నింటికి దవడ సరిగా లేదు, ఎన్నింటికి మొప్పల మీది మూత పూర్తిగా పెరగలేదు అనే అంకె ఎక్కడా కనబడలేదు. కొన్న రైతుకు అది నెలల తర్వాత, వల లాగిన రోజున తెలుస్తుంది. అప్పటికి మేత డబ్బులు అయిపోయి ఉంటాయి.

నేను చెప్పదలుచుకున్నది రెండు ముక్కలు. ఒకటి, ఆ అంకె బిల్లు మీదకు రావాలి. రెండు, ఆ అంకె తేల్చే పని చేయగల వాళ్లు ఇప్పుడు ఈ పేజీ చదువుతున్న డిగ్రీ, బీటెక్, ఎమ్మెస్సీ స్టూడెంట్సే.

సముద్రం లేని ఊళ్లో ఈ గోలెందుకు?

అడగాల్సిన ప్రశ్నే. మా నెక్కొండ స్టేషన్ కాజీపేట, విజయవాడ లైన్ మీద ఉంది. ఇక్కడ రైలెక్కే కుర్రాళ్లలో ఎక్కువ మంది హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల వైపే వెళ్తారు. రెండో వైపు ప్లాట్‌ఫామ్ నుంచి వెళ్లే రైలు విజయవాడ మీదుగా కోస్తాకు పోతుంది. అటు వైపు కూడా ఉద్యోగాలు ఉంటాయని మనకు ఎవరూ చెప్పలేదు. మనకు తెలిసిన చేప అంటే పాఖాల చెరువు చేప, ఊరి చెరువులో పట్టిన బొచ్చె, రవ్వ, అదృష్టం బాగుంటే కొర్రమీను.

కానీ ఒక తమాషా చూడండి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఉన్నది హైదరాబాద్‌లో. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్తుంటే చేప ఆకారంలో ఒక బిల్డింగ్ కనిపిస్తుందే, అదే. చాలామంది సెల్ఫీ దిగి వదిలేస్తారు, లోపల ఏం జరుగుతుందో అడగరు. సముద్రంలో చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో జాలరులకు సమాచారం పంపే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సముద్రం పని చేస్తున్న వాళ్లు మన మధ్యే ఉన్నారు. కాబట్టి సముద్రం లేదు అనే కారణం చెల్లదు.

ఇంకో మాట. నేను ఇక్కడ చెప్పే సంగతులు సముద్రపు చేపలవే అయినా, హేచరీలో పుట్టే ఏ చేపపిల్లకైనా ఎముకల సమస్య రావచ్చు. కొర్రమీనుకూ రావచ్చు, బొచ్చెకూ రావచ్చు. సముద్రపు చేపల పిల్లలు మరీ చిన్నవి, మరీ సున్నితం. అందుకే వాటిలో ఈ సమస్య ఎక్కువగా బయటపడింది, ప్రపంచమంతా దాన్ని ఎక్కువగా చదివింది.

వంకర అంటే ఏంటి?

పండుగప్పనే తీసుకుందాం. కృష్ణా, గోదావరి జిల్లాల్లో దీనికున్న గిరాకీ అందరికీ తెలుసు. కోల్‌కతాలో దీన్నే భెట్కి అంటారు, ఆస్ట్రేలియాలో బారముండి. ఉప్పునీళ్లలో గుడ్లు పెడుతుంది, పెరగడం మాత్రం మంచినీళ్లలో కూడా పెరుగుతుంది. 1970ల మొదట్లో థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లాలో దీన్ని హేచరీలో పిల్లలు చేయించారు. మన దేశంలో 1997లో చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, మనం సీబా అని పిలిచేది, ఆ పని సాధించింది. 2007లో విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సముద్రంలో పెద్ద పంజరం కట్టి ఇదే చేపను పెంచి చూపించింది. అదే విశాఖ కేంద్రం తర్వాత చందువా పార అనే పాంపనో చేపను, గ్రూపర్ చేపను కూడా హేచరీలో పిల్లలు చేయించింది.

ఇలాంటి హేచరీల్లో కనబడే ఎముకల లోపాలు ప్రపంచమంతటా దాదాపు ఒకే రకం. వెన్నెముక కిందికి కుంగి V ఆకారంలో అయిపోవడం ఒకటి. పైకి గూనిలా లేవడం ఇంకొకటి. పక్కకు పాములా మెలి తిరగడం మూడోది. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి చేప పొట్టిగా, లడ్డూలా అయిపోవడం నాలుగోది. పై దవడ పెరగక ముఖం అణిగిపోవడం, కింది దవడ పక్కకు తిరగడం, మొప్పల మూత సగమే ఉండి లోపలి ఎర్రటి మొప్పలు బయటికి కనబడటం మరికొన్ని.

సముద్రంలో ఇవి ఉండవా? ఉంటాయి. కాకపోతే అక్కడ సరిగా ఈదలేని పిల్ల మొదటి వారంలోనే వేరే చేప నోట్లోకి పోతుంది. హేచరీలో శత్రువు లేడు, తిండి దొరుకుతుంది, కాబట్టి బతుకుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల సైజులో చిన్న వంకర కంటికి ఆనదు. పెరిగేకొద్దీ వంకరా పెరుగుతుంది.

ఇక్కడ భయపడాల్సింది తినేవాళ్లు కాదు. మేత, నీళ్ల లోపం వల్ల వచ్చిన ఈ వంకర అంటురోగం కాదు, తిన్నవాళ్లకు ఏమీ కాదు. నష్టపోయేది పెంచేవాడు. అంచనాకు ఒక లెక్క వేసుకుందాం. 10,000 పిల్లల్లో 8 శాతం వంకర అంటే 800 పిల్లలు. పండుగప్ప తన జాతినే తినే చేప. బలహీనంగా ఉన్న వాటిలో కొన్ని పెద్దవాటి పొట్టలోకి పోతాయి. మిగిలినవి మేత తింటాయి, సరిగా బరువు పెరగవు, మార్కెట్లో గ్రేడ్ పడిపోతుంది. ఎగుమతి చేసేవాడు వాటిని తీసి పక్కన పడేస్తాడు. ఈ 800 పిల్లలకూ రైతు పూర్తి రేటే కట్టి ఉంటాడు.

ఒక నూనె పొర చెప్పిన పాఠం

ఇంజినీరింగ్ చదివిన వాడిగా నన్ను ఈ సబ్జెక్టులోకి లాగింది ఒక కథ. మధ్యధరా సముద్రపు దేశాల్లో సీబాస్, సీబ్రీమ్ చేపల హేచరీలు పెరుగుతున్న 1980ల నాటిది. అక్కడ పిల్లల్లో వెన్ను కుంగిపోవడం పెద్ద తలనొప్పి అయింది. జన్యువుల తప్పా, రోగమా, మేతా అని రకరకాలుగా వెతికారు.

అసలు సంగతి ఇదీ. చేప పొట్టలో గాలి తిత్తి ఒకటి ఉంటుంది. నీళ్లలో మునగకుండా, తేలిపోకుండా నిలబెట్టేది అదే. ఈ చేపల్లో అది మొదటిసారి నిండాలంటే, పుట్టిన కొద్ది రోజుల్లోనే పిల్ల నీటి పైకి వచ్చి ఒక గుటక గాలి మింగాలి. దానికి ఒక గడువుంది. ఆ గడువు దాటితే గొంతు నుంచి తిత్తికి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇక జన్మలో నిండదు.

హేచరీ ట్యాంకులో నీటి పైన సన్నని నూనె పొర ఉంటుంది. మేతలో కలిపే నూనెలు, చచ్చిన సూక్ష్మజీవులు, పగిలిన గుడ్లలోంచి వచ్చిన జిడ్డు, అన్నీ కలిసి చేరతాయి. మనకు అది లెక్కలోనిది కాదు. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న పిల్లకు మాత్రం అది పగలగొట్టలేని పైకప్పు. గాలి దొరకదు, తిత్తి నిండదు. తిత్తి లేని పిల్ల మునిగిపోకుండా ఉండటానికి తల పైకెత్తి రోజంతా తోక కొట్టుకుంటూనే ఉంటుంది. లేత వెన్నెముక మీద కండరాలు అలా ఆపకుండా లాగుతుంటే ఎముక వంగిపోతుంది.

1990 నాటికి ఫ్రాన్స్‌లోని ఇఫ్రెమర్ పరిశోధకులు ప్రచురించిన పరిష్కారం చూస్తే ఆశ్చర్యపోతారు. నీటి పైన గాలిని సన్నగా ఊదుతారు. ఆ గాలికి నూనె పొర ఒక మూలకు జరుగుతుంది. అక్కడ తేలే చిన్న చట్రం దాన్ని పట్టి ఉంచుతుంది, మనిషి వచ్చి తీసేస్తాడు. అంతే. గాలి తిత్తి నిండే పిల్లల శాతం బాగా పెరిగింది, వంకరలు తగ్గాయి. ఇప్పుడు ఈ స్కిమ్మర్ అలాంటి హేచరీల్లో మామూలు సామాను.

ఇందులో రాకెట్ సైన్స్ లేదు. ఒక బ్లోయర్, ఒక పైపు, ఒక చట్రం. కాకపోతే జబ్బు ఎముకలో కనిపిస్తుంటే కారణం నీటి ఉపరితలం మీద ఉందని పట్టుకోవాలి. దానికి రోజూ కొన్ని పిల్లల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, గాజులా ఉండే ఒంట్లో మెరిసే గాలి బుడగ ఉందా లేదా అని లెక్కపెట్టిన మనిషి కావాలి. పరిష్కారం కన్నా ముందు లెక్క వచ్చింది.

మొదటి నెలే అసలు పరీక్ష

నూనె పొర ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ట్యాంకులో నీటి ప్రవాహం మరీ వేగంగా ఉన్నా ఇదే జరుగుతుంది. ఎదురీదీ ఎదురీదీ వెన్ను కుంగుతుంది. యూరప్ సీబాస్ మీదా, జపాన్ వాళ్ల ఎర్ర సీబ్రీమ్ మీదా దీన్ని గమనించారు. అంటే ఇన్‌లెట్ పైపు ఏ కోణంలో పెట్టారు, పంపు ఎంత స్పీడులో తిప్పారు అన్నది చేప నడుం మీద కనబడుతుంది. మెకానికల్ స్టూడెంట్స్, ఇది మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరే.

తర్వాత తిండి. మనలాగే చేపల్లో చాలావాటికి విటమిన్ సి సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు. ఎముకకు ఆధారమైన కొల్లాజెన్ గట్టిపడాలంటే ఆ విటమిన్ కావాలి. 1969లో అమెరికాలో జాన్ హాల్వర్ బృందం సాల్మన్, ట్రౌట్ చేపలకు విటమిన్ సి లేని మేత పెట్టి చూస్తే వెన్నెముకలు వంకర తిరిగాయి. ఫాస్ఫరస్ తక్కువైతే ఎముక మెత్తబడుతుంది. అలాగని విటమిన్లు ఎక్కువ పోస్తే మంచిదా అంటే అదీ కాదు. జపాన్‌లో హిరామే అనే చేప పిల్లలకు విటమిన్ ఎ మోతాదు మించి ఇస్తే కూడా వెన్నుపూసలు పాడయ్యాయి.

పైగా ఈ పిల్లలకు మొదట్లో మేత గుళికలు పనికిరావు. పుట్టినప్పుడు పండుగప్ప పిల్ల ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని నోటికి పట్టేది రోటిఫర్ అనే సూక్ష్మజీవి. కొన్ని రోజుల తర్వాత ఆర్టీమియా పిల్లలు. ఈ రెండింటిలోనూ సముద్రపు చేపకు కావాల్సిన కొవ్వులు చాలినంత ఉండవు. కాబట్టి ముందు రోటిఫర్‌కు మంచి తిండి పెట్టి, తర్వాత ఆ రోటిఫర్‌ను పిల్లకు పెడతారు. అంటే చేపపిల్ల ఎముక బాగుండాలంటే దాని తిండి తిన్న తిండి బాగుండాలి. ఆ తిండికి కలిపే నూనే మళ్లీ నీటి మీద పొర కడుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి కదులుతుంది. కోడ్‌లో ఒక బగ్ సరిచేస్తే వేరే చోట రెండు బయటపడటం మనకు కొత్తేం కాదు కదా.

గుడ్లు పొదిగే నీటి వేడి కూడా ముఖ్యం. నార్వే సాల్మన్ హేచరీల్లో త్వరగా పొదగాలని నీటిని వెచ్చగా ఉంచితే వెన్నుపూసల లోపాలు పెరిగాయని తేలింది. తల్లి చేపలు తక్కువై దగ్గరి బంధువుల మధ్య సంతానం వస్తే అదో సమస్య. అసలే పండుగప్ప మొదట మగది, వయసు పెరిగాక ఆడదిగా మారుతుంది. అందుకే సరైన జోడీలను పెట్టుకోవడం, ఏ పిల్ల ఏ తల్లిదో రికార్డు ఉంచడం అంత తేలిక కాదు.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, ఈ కారణాల్లో చాలావరకు కొలవగలిగినవే. వేడి, ప్రవాహం, నూనె పొర, మేత మోతాదు, తల్లుల వివరాలు. ఇవన్నీ జరిగేది మొదటి నెల రోజుల్లో. ఆ నెల రోజుల రికార్డు సరిగా లేకపోతే, ఆరు నెలల తర్వాత చెరువు గట్టు మీద రైతు, హేచరీ మేనేజర్ ఒకరినొకరు తిట్టుకోవడం తప్ప ఏమీ తేలదు. "మీ సీడ్ బాలేదు" అని ఇతనంటాడు, "మీ మేనేజ్‌మెంట్ బాలేదు" అని అతనంటాడు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

రొయ్య దగ్గర చేశాం, చేప దగ్గర ఎందుకు చేయం?

కొత్తగా చెబుతున్నట్టు ఉంది కానీ ఈ పని కోస్తా రైతులు ఇదివరకే ఒకసారి చేసి చూపించారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది. ఆ దెబ్బతో రైతు నేర్చుకున్నది ఒక్కటే, పిల్లను పరీక్ష చేయించకుండా చెరువులో వదలకూడదని. పీసీఆర్ అనే మాట కోవిడ్‌తో మనకు తెలిసింది. భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు అంతకు చాలా ముందే తెలుసు. వాళ్లు అడగడం మొదలుపెట్టాక ల్యాబులు వచ్చాయి. ల్యాబులు వచ్చాక బయోటెక్, మైక్రోబయాలజీ చదివిన వాళ్లకు ఊళ్లలోనే ఉద్యోగాలు వచ్చాయి.

చేప సీడ్ దగ్గర కూడా అదే జరగాలని నా కోరిక. చట్టాలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వా సీడ్ నాణ్యత మీద 2006 నుంచే చట్టం ఉంది. నేను అడుగుతున్నది దానికంటే చాలా చిన్నది. ప్రతి బ్యాచ్‌లో ఇన్ని పిల్లల్ని చూశాం, ఇన్నింటికి లోపం ఉంది, ఇన్నింటికి గాలి తిత్తి నిండింది, పరీక్ష తేదీ ఇది. నాలుగు అంకెలు. విత్తనం సంచి మీద చీటీ లాంటిదే.

లెక్కపెట్టడం అంత ఈజీ కాదు

"ఓస్, లెక్కపెట్టడమేగా" అనకండి. ఇక్కడే చదువు పనికొస్తుంది.

ఒక బ్యాచ్‌లోంచి 100 పిల్లల్ని తీసి చూశారు, 10 వంకర. బ్యాచ్ మొత్తం 10 శాతం అని రాసేయొచ్చా? స్టాటిస్టిక్స్ ప్రకారం అసలు శాతం దాదాపు 6 నుంచి 17 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 400 పిల్లల్ని చూసి 40 వంకర వస్తే ఆ తేడా దాదాపు 7 నుంచి 13కు తగ్గుతుంది. రైతు పెట్టుబడి ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఆ 400 పిల్లల్ని ట్యాంకులో ఒకే మూల నుంచి తీస్తే లెక్క మొత్తం వేస్ట్. బలహీనమైన పిల్లలు ఒక చోట చేరే అవకాశం ఉంది. డిగ్రీలో శాంప్లింగ్ చాప్టర్‌ను ఇంపార్టెంట్ క్వశ్చన్స్‌లో లేదని వదిలేసిన వాళ్లు ఒకసారి మళ్లీ తీయండి.

సరే, మనమంతా ఏఐ వాళ్లం కదా, కెమెరా పెట్టేద్దాం. లక్ష పిల్లలు, వాటిలో 5 శాతం వంకర అనుకుందాం. అంటే 5,000. మన మోడల్ 95 శాతం కరెక్ట్, వంకరను గుర్తించడంలోనూ, మంచిదాన్ని మంచిదనడంలోనూ. వినడానికి సూపర్. ఇప్పుడు లెక్క చేయండి. 5,000 వంకర పిల్లల్లో 4,750 పట్టుకుంటుంది. మిగతా 95,000 మంచి పిల్లల్లో 5 శాతాన్ని, అంటే ఇంకో 4,750ని, వంకర అని తప్పుగా పక్కన పెడుతుంది. రిజెక్ట్ తొట్టిలో 9,500 పిల్లలు ఉంటే వాటిలో సగం మంచివే!

యజమాని మిమ్మల్ని మర్నాడే బయటకు పంపుతాడు. కానీ ఇదే మోడల్‌ను మొదటి జల్లెడగా వాడి, ఆ 9,500ని మనిషితో మళ్లీ చూపిస్తే కథ మారుతుంది. లక్ష చూడాల్సిన మనిషి పదో వంతు కూడా చూడక్కర్లేదు. జల్లెడ దాటి రైతుకు వెళ్లే 90,500 పిల్లల్లో వంకరవి 250 మాత్రమే. టెక్నాలజీ అదే, దాన్ని ఎక్కడ పెట్టామన్నదే తేడా. ఇంటర్వ్యూలో ప్రెసిషన్, రీకాల్ నిర్వచనాలు అప్పజెప్పే వాళ్లు చాలామంది ఉన్నారు. చేపల ట్యాంకు పక్కన నిలబడి ఈ లెక్క చెప్పగలిగే వాళ్లు కావాలి.

కెమెరాకు నేర్పించే ఫొటోలకు ఆధారం కూడా ల్యాబులోనే పుడుతుంది. పిల్లను ఎక్స్‌రే తీస్తారు. మరీ చిన్నవైతే అలిజరిన్ రెడ్ అనే రంగుతో ఎముకను ఎర్రగా, ఆల్షియన్ బ్లూతో మృదులాస్థిని నీలంగా చేసి చూస్తారు. ఏది వంకర, ఏది కాదు అని చెప్పాల్సింది జువాలజీ, ఫిషరీస్ చదివిన వాళ్లు. కోడ్ రాసేది మనం. మన వరంగల్‌లోనే ఒక వైపు ఎన్‌ఐటీ ఉంది, ఇంకో వైపు కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది. ఈ రెండు చోట్ల చదివేవాళ్లు ఒక ప్రాజెక్టు మీద కలిసి కూర్చుంటే ఎంత బాగుంటుంది!

యజమాని వైపు నుంచి చూస్తే

హేచరీ వాళ్లను విలన్లను చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. సముద్రపు చేపల పిల్లల్లో బతికేదే తక్కువ, కరెంటు, మేత ఖర్చులు ఎక్కువ. "నేను నిజాయితీగా 6 శాతం వంకర అని బిల్లు మీద రాస్తే, ఏమీ రాయని పక్క హేచరీకి రైతు వెళ్లిపోతాడు" అని ఒక యజమాని అంటే కాదనలేం. ఒక్కడు రాస్తే నష్టమే. అందరూ రాస్తే అది మార్కెట్ అవుతుంది.

అందుకే మొదలు ప్రభుత్వ సంస్థల నుంచి కావాలి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సీబా, తమిళనాడులో పండుగప్ప హేచరీ నడుపుతున్న రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం లాంటివి తాము అమ్మే ప్రతి బ్యాచ్‌కు ఈ నాలుగు అంకెలు ఇవ్వడం అలవాటు చేస్తే, రైతు మిగతా చోట్ల కూడా అడుగుతాడు. 2020లో కేంద్రం రూ.20,050 కోట్లతో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన తెచ్చింది. అలాంటి పథకాల కింద సాయం తీసుకునే హేచరీలకు ఈ షరతు పెట్టడం పెద్ద కష్టం కాదు. తెలంగాణ చెరువులకు 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. కోట్ల పిల్లలు వదిలే చోట కూడా ఎన్ని వదిలామన్న లెక్కతో పాటు ఎలాంటివి వదిలామన్న లెక్క ఉండాలి. మత్స్యకార సొసైటీలో సభ్యుడికి ఆ చీటీ అడిగే హక్కు ఉండాలి.

మరి మనమేం చేయాలి?

ఇంటర్ బైపీసీ వాళ్లకు దారి స్పష్టంగానే ఉంది. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ కోర్సుకు ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకుతో చేరొచ్చు. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో, ఆంధ్రలో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీలు ఉన్నాయి. ఎంబీబీఎస్, బీడీఎస్, అగ్రికల్చర్ తర్వాత మిగిలిన సీటుగా దీన్ని చూడటం మానేస్తే మంచిది. పైచదువుకు ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది, దానికి కాకినాడలో కూడా కేంద్రం ఉంది.

బీఎస్సీ, ఎమ్మెస్సీ జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్ వాళ్లు పరిశోధన సంస్థల నోటిఫికేషన్లు చూస్తుండండి. యంగ్ ప్రొఫెషనల్, రీసెర్చ్ ఫెలో పేర్లతో ప్రాజెక్టు ఉద్యోగాలు పడుతుంటాయి. పర్మనెంట్ కాదు. కానీ రోటిఫర్ పెంచడం, లార్వాను చూడటం చేతితో నేర్చుకున్న వాడికి ప్రైవేట్ హేచరీలో విలువ ఉంటుంది. అది యూట్యూబ్‌లో వచ్చే విద్య కాదు.

బీటెక్ వాళ్లకు దారి వేసి లేదు, వేసుకోవాలి. విజయవాడలో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ రొయ్యల చెరువులకు సెన్సర్లు, ఆటోమేటిక్ మేత యంత్రాలు చేసి చూపించింది. అంటే కోస్తా చెరువుల దగ్గర ఇంజినీర్‌కు పని ఉందని ఒక ఉదాహరణ ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టు అని కొనుక్కొచ్చిన ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్‌నే మళ్లీ సబ్మిట్ చేసే బదులు, ట్యాంకు పైన నూనె పొర మందం పెరిగితే హెచ్చరించే సిస్టమ్ చేయండి. నీటి వేగాన్ని ట్యాంకులో పది చోట్ల కొలిచి మ్యాప్ గీయండి. దగ్గర్లో ఉన్న ఏ మంచినీటి హేచరీలోనైనా అనుమతి తీసుకుని 400 పిల్లల ఫొటోలు తీసి లెక్కవేయండి. దీనికి సముద్రం దాకా కూడా పోనక్కర్లేదు.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ వినండి. హేచరీ ఉద్యోగం ఏసీ రూములో ఉండదు. లార్వాకు ఆదివారం లేదు. రాత్రి రెండింటికి కరెంటు పోతే మీరే లేవాలి. మొదటి జీతం మీ క్లాస్‌మేట్ పెట్టే లింక్డ్‌ఇన్ పోస్టుతో పోటీ పడకపోవచ్చు. సముద్రపు చేపల హేచరీలు మన దేశంలో ఇంకా తక్కువే కాబట్టి వేలల్లో ఉద్యోగాలు ఉన్నాయని చెబితే అది మోసం. ఫీజు కట్టించుకుని "ఆక్వాలో గ్యారంటీ జాబ్" అనే ప్రకటన కనిపిస్తే దూరం జరగండి. చేరేముందు హేచరీకి వెళ్లి రెండు రోజులు చూడండి, అక్కడ పని చేసేవాళ్లతో మాట్లాడండి. చేరాలనుకుంటే ఇంటర్వ్యూలో మీరూ ఒక ప్రశ్న అడగండి. "పోయిన బ్యాచ్‌లో ఎన్ని పిల్లలకు వంకర వచ్చిందండీ, ఎలా లెక్కపెట్టారు?"

రికార్డు తీసి చూపిస్తే అక్కడ నేర్చుకోవడానికి మంచి గురువులు ఉన్నట్టు. "అంత చూడమమ్మా, పెద్దగా ఉండవులే" అంటే ఆ హేచరీకి మీ అవసరం మరీ ఎక్కువ ఉన్నట్టు. జీతం సంగతి అప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడొచ్చు.